ఒక గడియ కథలు

మన కొంతం చౌక్ పరిసరములందలి ఇండ్లలో సాయంకాల మెట్లు గడచునో మాకు తెలియని విషయము కాదు. తండ్రి మరమగ్గముల కడ పని ముగించుకొని వచ్చుసరికి చీకటి పడును. తల్లి బీడీల చాటను ప్రక్కకు జరిపి పొయ్యి వెలిగించును. అవ్వ కండెలు చుట్టుచు మనుమని పిలుచుచుండును. ఆ సందడిలో బిడ్డ పుస్తకము తెఱచి కూర్చుండుటకు దొరకు కాలము స్వల్పము. అట్టి యింట పెద్ద నవల నొకదానిని చేతికిచ్చి “చదువుము” అనుట, ఆకలిగొన్నవానికి వడ్లబస్తా చూపుట వంటిది.

పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు. “మా పోరడు దయ్యాల కథలన్నా, దొంగల కథలన్నా పానం ఇడుస్తడు సార్. పాఠం మాత్రం చదువడు. అసొంటి బుక్కులు ఇయ్యొచ్చునా?” ఈ ప్రశ్నకు మా ప్రత్యుత్తర మిది: ఇయ్యవచ్చును, కాని ఏర్చి యియ్యవలెను. ఏల ఇయ్యవలెనో, ఎట్లు ఏర్పవలెనో ఈ వ్యాసమున వివరింప యత్నించెదము.

మన పెద్దలు దినమును అరువది గడియలుగా విభజించిరి. ఒక గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు. మంచి రహస్యకథ గాని, దయ్యపుకథ గాని చదువుటకు పట్టు కాలము ఇంచుమించు ఒక గడియయో, రెండు గడియలో. ఇది యాదృచ్ఛికము కాదు. అమెరికా రచయిత ఎడ్గార్ అలెన్ పో 1842లో హాథారన్ కథలను సమీక్షించుచు, కథ యనునది అరగంట మొదలు రెండు గంటల లోపల ఒక్క కూర్చుండుటలో చదివి ముగింపదగినదై యుండవలెనని అభిప్రాయపడెను. నడుమ పుస్తకము మూసినచో లోకవ్యవహారములు వచ్చి కథ కలిగించిన భావమును చెఱచునని ఆయన వాదము. భయమునకును, కుతూహలమునకును ఈ నియమము మఱింత వర్తించును. భయము దినముల తరబడి నిలుచునది కాదు. గడియసేపు నిలుపగలిగిన రచయితయే సమర్థుడు.

అపరాధ పరిశోధక కథకు ఆద్యుడుగా ఎన్నబడువాడును ఈ పోయే. 1841లో అతడు ప్రచురించిన కథ పారిసు నగరమున జరుగును. మూసిన గదిలో ఇద్దఱు స్త్రీలు హతులైరి. లోపల వినబడిన కీచుగొంతును గూర్చి పలువురు సాక్ష్యము చెప్పిరి. వారిలో ఫ్రెంచివాడు, డచ్చివాడు, ఆంగ్లేయుడు, స్పెయిను దేశీయుడు, ఇటలీవాడును కలరు. ప్రతివాడును ఆ గొంతు పరదేశీయునిదే యనెను. తనకు రాని యేదో భాష యనెను. ఎవడును అది తన భాష యని చెప్పలేదు. తక్కినవారు దీనిని గందరగోళ మనుకొనగా, ద్యూపె యను పరిశోధకునకు అదియే ఆధారమైనది. తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగును ఒక్క వీధిలో వినుచు పెరిగిన మన షోలాపురపు పిల్లలకు ఈ చిక్కును వివరించి చెప్పవలసిన పని లేదు. ఆ గొంతు ఎవరిదో మేమిక్కడ చెప్పి వారి యానందమును చెఱుపము.

పో నాటిన విత్తును మహావృక్షము చేసినవాడు ఆర్థర్ కానన్ డాయిల్. వృత్తిచే వైద్యుడైన ఈయన షెర్లాక్ హోమ్సును మొదట 1887లో ఒక నవలలో ప్రవేశపెట్టెను. అప్పుడు రాని ప్రఖ్యాతి 1891 జూలై మొదలు స్ట్రాండ్ పత్రికలో చిన్నకథలుగా వెలువడినప్పుడు వచ్చినది. కారణ మేమి? ధారావాహికలో ఒక సంచిక తప్పినచో పాఠకునికి కథ తెగిపోవును. ఒకే నాయకుడు ప్రతి నెలయు కనబడుచు, ప్రతి కథయు దానికదే పూర్తియైనచో ఆ యిబ్బంది లేదు. డాయిల్ ఈ సంగతి గుర్తించెను. ఆయన 1893లో హోమ్సును చంపివేయగా పాఠకులు ఊరకుండలేదు. 1903లో మఱల బ్రతికింపవలసి వచ్చెను. మొత్తము ఏబదియాఱు కథలు, నాలుగు నవలలు. నేటికిని జనులు మొదట చేతబట్టునవి ఆ కథలనే.

ఈ కథల వలన పిల్లలకు కలుగు లాభ మేమి? ఒక కథలో రాత్రివేళ పందెపు గుఱ్ఱము మాయమగును. అందఱును జరిగినదానిని వెదకుచుండగా, హోమ్సు జరుగనిదానిని గమనించును: ఆ రాత్రి కుక్క మొఱుగలేదు. లేనిదానిని గూడ చూడగల చూపు ఇది. పడుగులో తెగిన పోగును చూడగలిగిన నేతగాని కంటికి ఇట్టి చూపు క్రొత్త కాదు. దానిని అక్షరములపై ప్రయోగించుటయే చదువు. రహస్యకథ చదువు బాలుడు ఒక్క వాక్యమునైనను దాటవేయ సాహసింపడు. ఆధార మెందు దాగియున్నదో యను అనుమానము వానిని ప్రతి మాటయొద్దను నిలుపును. పాఠ్యపుస్తకము ఎంత ప్రయత్నించినను సాధింపలేని శ్రద్ధ ఇది.

ఇవి పరదేశపు సరకు, మన కేల యని కొందఱనవచ్చును. మన భేతాళ కథలను తలచుకొనుడు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరములో భేతాళుని కథ లిరువదియైదు కలవు. శ్మశానము, శవము, చీకటి: ఇది దయ్యపుకథ. ప్రతి కథ చివరను చిక్కుప్రశ్న: ఇది రహస్యకథ. రాజునకు ఉత్తరము తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పిన మౌనభంగమై శవము చెట్టెక్కును. తలలు తారుమారైన యిద్దఱిలో ఆ స్త్రీకి భర్త యెవ్వడను ప్రశ్నను జర్మన్ రచయిత థామస్ మాన్ 1940లో పెద్దకథగా వ్రాసెను. అదే యితివృత్తమును కన్నడ రచయిత గిరీశ్ కర్నాడ్ ‘హయవదన’ నాటకముగా మలచెను. మన సొత్తు లోకమంతయు తిరిగివచ్చినదని గ్రహింపుడు.

నాగిరెడ్డి చక్రపాణులు 1947 జూలైలో మదరాసునుండి వెలువరించిన చందమామ ఈ భేతాళుని తెలుగు ఇండ్లలోనికి తెచ్చెను. మూలమందలి యిరువదియైదు ముగిసిన పిమ్మటను ఆ చట్రములోనే క్రొత్త కథలు దశాబ్దముల తరబడి వచ్చుచుండెను. అదే పత్రిక మరాఠీలో చాందోబా యను పేర వెలువడినది. చందమామ నేడు వెలువడుటలేదు. ఇంటిలో పాత సంచిక లున్నవారు వానిని తూకమునకు వేయకుందురుగాక.

దయ్యపుకథలలో మేము మన పాఠకులకు ప్రత్యేకముగా చెప్పదలచినవి రెండు కలవు. మొదటిది రవీంద్రనాథ ఠాకూరు 1895లో వ్రాసిన ‘క్షుధిత పాషాణము’. రైలుకొఱకు వేచియుండు ప్రయాణికులకు ఒక అపరిచితుడు తన యనుభవమును చెప్పును. అతడు నిజాము ప్రభుత్వమున ప్రత్తి సుంకము వసూలు చేయు ఉద్యోగి. పాతకాలపు పాలరాతి భవనమున ఒంటరిగా నివసించినవాడు. రాత్రియైన ఆ భవనము మేలుకొనును. కథ ముగియకమునుపే రైలు వచ్చును! నిజాము రాజ్యపు పల్లెలనుండి నూలును నమ్ముకొని ఇటు వచ్చినవారి సంతతికి ప్రత్తి సుంకపు ఉద్యోగి కథ పరాయిది కానేరదు. ఇంకొక ముచ్చట: ఈ కథకు ప్రేరణ అహమ్మదాబాదునందలి షాహీబాగు భవనము. అచ్చట కవి తన యన్న సత్యేంద్రనాథునితో కొంతకాల ముండెను. ఆ సత్యేంద్రనాథుడే పిమ్మట మన షోలాపురమున న్యాయాధికారిగా పనిచేసెను.

రెండవది ఆంగ్ల రచయిత డబ్ల్యు. డబ్ల్యు. జాకబ్స్ 1902లో ప్రకటించిన ‘కోతి పంజా’. హిందూదేశమునుండి ఒక సైనికుడు తెచ్చిన ఎండిన కోతిచేయి మూడు కోరికలు తీర్చునట. ఒక వృద్ధ దంపతులు ఇంటి బాకీ తీర్చుటకై రెండువందల పౌనులు కోరిరి. మఱునాడు వారి కుమారుడు పనిచేయు కర్మాగారమునుండి మనిషి వచ్చెను. పిల్లవాడు యంత్రమున చిక్కి మరణించెను. బాధ్యత తమది కాదని చెప్పుచునే యజమానులు పంపిన సొమ్ము సరిగా రెండువందల పౌనులు. తక్కిన రెండు కోరికలు ఏమైనవో బిడ్డలే చదివి తెలిసికొనవలెను. ఆ కథలో మమ్ము వణికించినది కోతిచేయి కాదు, ఆ సొమ్ము. యంత్రముల నడుమ బ్రతుకు ఇండ్లకు ఆ భయము చదివి నేర్వవలసినది కాదు. తండ్రి ఆలస్యముగా వచ్చిన రాత్రి తలుపువైపు చూచు బిడ్డకు, తన మనస్సులోని మాటను ఎవరో సముద్రమున కావల వ్రాసిరని తెలియుట గొప్ప యోదార్పు.

చార్లెస్ డికెన్సు 1866లో వ్రాసిన రైలు సంకేతకుని కథయు ఇట్టిదే. సొరంగము దాపున ఒంటరిగా పనిచేయు ఉద్యోగికి ప్రతి ప్రమాదమునకు ముందు ఒక యాకారము కనబడును. 1865 జూన్ 9న స్టేపిల్‌హర్స్ట్ వద్ద జరిగిన రైలు ప్రమాదమునుండి డికెన్సు స్వయముగా బయటపడినవాడు. ఉత్తమమైన దయ్యపుకథ వెనుక నిజమైన దుఃఖ మొకటి యుండునని దీనివలన తెలియుచున్నది.

ఇక ముఖ్యమైన యాక్షేపణ. ఇట్టి కథలు పిల్లలలో మూఢవిశ్వాసములను పెంచవా? ఈ భయము నిరాధారమైనది కాదు. చేతబడి చేసినదను నిందపై స్త్రీలను హింసించుట, చంపుట మన దేశమున జరిగిన విషయములే. మూఢవిశ్వాసములపై పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణేలో హత్య గావింపబడెను; ఆ యేడాదియే మహారాష్ట్రమున నరబలి, చేతబడి మున్నగు దురాచారములను నిషేధించు చట్టము వచ్చినది. కాని కథలోని దయ్యము వేఱు, వీధిలోని దయ్యము వేఱు. కథలోని దయ్యము పుస్తకము మూయగనే మూతపడును. వీధిలోని దయ్యము తాయెత్తునకు రూకలడుగును, పొరుగింటి యొంటరి స్త్రీవైపు వ్రేలు చూపును. మొదటిదానితో ఆడుకొనిన బిడ్డ రెండవదానిని ప్రశ్నింప నేర్చును.

దీనికి నిదర్శనము 1924లో డాయిల్ వ్రాసిన హోమ్సు కథ యొకటి. తల్లి తన పసిబిడ్డ మెడయొద్ద నోరుంచి యుండగా చూచినవారు ఆమెను రక్తము పీల్చు పిశాచి యనుకొనిరి. హోమ్సు దయ్యములను లెక్కకే తీసికొనక విచారింపగా, ఆమె నిర్దోషి యని, బిడ్డను రక్షించుచున్నదని తేలినది. విచిత్రమేమనగా, ఈ కథ వ్రాసిన డాయిల్ స్వయముగా ప్రేతాత్మలను నమ్మినవాడు! రచయిత నమ్మకము ఎట్లున్నను కథ మాత్రము విచారణ పక్షమున నిలిచినది. నింద వేయుటకు ముందు విచారింపవలెనను నీతిని ఇంతకంటె చక్కగా బోధించు పాఠము మాకు కనబడలేదు.

ఏర్చుట యెట్లు? పండ్రెండేండ్ల లోపువారికి భేతాళ కథలు చాలును. పిమ్మట హోమ్సు కథలు, సత్యజిత్ రాయ్ 1965లో ఆరంభించిన ఫెలూదా కథలు ఇయ్యవచ్చును. ఠాకూరు, జాకబ్స్, డికెన్సుల కథలు పై తరగతులవారికి. పెద్దవారు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరునితో తెలుగున కాలక్షేపము చేయవచ్చును. మరాఠీ వచ్చినవారికి బాబూరావు అర్నాళ్కర్ పరిశోధక కథలు, రత్నాకర మత్కరీ గూఢకథలు కలవు. రక్తపాతమును వర్ణించి సంతోషించు పుస్తకములను, స్త్రీలను కించపఱచు పుస్తకములను దూరముగా నుంచుడు. బిడ్డ మిక్కిలి భయస్థుడైనచో దయ్యపుకథ పగలే చదివింపుడు.

ఈ విషయమై మేమింతగా చెప్పుటకు కారణము వేఱొకటి కలదు. మన బిడ్డలు ఇంట తెలుగు మాటలాడుదురు, వీధిలో మరాఠీ, బడిలో మూడు భాషలు. నాలుకపై తెలుగు నిలిచినది. కంటియందు నిలుచునా యనునదే మా బెంగ. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రము యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. చట్టము బడిని ఇయ్యగలదు; చదువవలెనను కోరికను ఇయ్యజాలదు. పరీక్ష ముగిసిన మఱునాడు తెలుగు పుస్తకమును తాకని బిడ్డకు, ముగింపు తెలియకున్న నిద్రపట్టని కథ నొక్కదానిని తెలుగులో ఇచ్చి చూడుడు. ఆ ముగింపుకొఱకై వాడు కూడబలుకుకొనుచైనను కడవఱకు చదువును.

కావున మా మనవి ఇది. వారమున కొక రాత్రి, ఒక గడియ. చేతిఫోనులను గూటిలో పెట్టుడు. బిడ్డచే కథను బిగ్గఱగా చదివింపుడు. అక్షరము రాని అవ్వయు వినుచు కండెలు చుట్టుకొనవచ్చును. కడపటి పుటకు ముందు ఆపి, “నేరము ఎవరిదనుకొందువు? ఏల?” అని యింటిల్లిపాదిని అడుగుడు. కథ ముగిసిన పిమ్మట అవ్వను తన యూరి మఱ్ఱిచెట్టు దయ్యము కథ చెప్పుమనుడు. దానిని బిడ్డ తెలుగులో వ్రాసి తెచ్చినచో మేము సంతోషముతో చదివెదము. బాగుగ నున్నవానిని వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటించుటకు ఇప్పుడే పుటలను కేటాయించుచున్నాము.