క్లోమ క్యాన్సర్: కొత్త మాత్ర, పాత మౌనం

ఇంటిపెద్దకు క్యాన్సర్ అని తేలగానే కొడుకులు ఆసుపత్రి కాగితాలు దాచివేయడం శ్రీకాకుళం ప్రాంతపు ఇళ్లలో మనకు తెలిసిన సంగతే. ‘కడుపులో పుండు, తగ్గిపోతుంది’ అని అబ్బాకు చెబుతారు. అది ప్రేమతో చేసే పనే. అయితే కొత్త మందు పరీక్షలో చేరే అవకాశం వచ్చినప్పుడు ఆ మౌనమే అడ్డుగోడ అవుతుంది.

క్లోమగ్రంథి జీర్ణాశయం వెనుక లోతుగా ఉంటుంది. అందువల్ల అక్కడి క్యాన్సర్ చాలామందిలో ముదిరిన తరువాతనే బయటపడుతుంది. శస్త్రచికిత్సకు వీలులేనప్పుడు సాధారణంగా కీమోథెరపీయే దిక్కు. కణంలోని ఒక నిర్దిష్ట లోపాన్నే గురిచూసే మాత్రల కోసం పరిశోధకులు శ్రమిస్తున్నది ఇందుకే.

వాటిలో ఓలాపరిబ్ ఒకటి. బీఆర్‌సీఏ జన్యువులో పుట్టుకతో లోపమున్నవారి క్యాన్సర్ కణాలు తెగిన డీఎన్‌ఏను సరిగా అతుక్కోలేవు. మిగిలిన మరమ్మతు మార్గాన్నీ ఈ మాత్ర మూసివేస్తుంది. 2019లో ఫలితాలు వెలువడిన ‘పోలో’ పరీక్ష కోసం 3,315 మందిని పరిశీలించగా, చివరకు చేరినవారు 154 మంది. వారిలో 92 మందికి ఓలాపరిబ్, 62 మందికి మందు లేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. వ్యాధి పెరగకుండా నిలిచిన మధ్యస్థ కాలం మాత్ర వాడినవారిలో 7.4 నెలలు, తక్కినవారిలో 3.8 నెలలు. మొత్తం ఆయుష్షులో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

కాబట్టి పరీక్ష అంటే స్వస్థతకు హామీ కాదని మేము స్పష్టం చేయదలిచాము. అది ఇంకా జవాబు దొరకని ప్రశ్న. ఆ ప్రశ్నకు తన దేహాన్ని అప్పగించేది రోగి. మన దేశంలో 2019 నాటి నూతన ఔషధ, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం అన్నీ వివరించిన తరువాతనే రోగి అంగీకారం తీసుకోవాలి. చదువురానివారికైతే సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. రోగి ఎప్పుడైనా తప్పుకోవచ్చు. తన జబ్బు పేరే తెలియని మనిషి దేనికి అంగీకరించినట్లు?

మరొక మాట. ఈ జన్యులోపం తల్లి నుంచైనా, తండ్రి నుంచైనా సంక్రమించవచ్చు. అది ఉన్న స్త్రీలకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. అబ్బా వద్ద దాచిన కాగితం బిడ్డలకు అందవలసిన హెచ్చరికనూ దాచివేస్తుంది.

వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే కుటుంబాలను మేము కోరేది ఒక్కటే. వైద్యుని గదిలోకి రోగిని వెంట తీసుకువెళ్లండి. ఆయన అడగదలిచింది ఆయననే అడగనివ్వండి. దేహం ఆయనకు దక్కిన అమానత్; నిర్ణయమూ ఆయనదే.