భాగం 9: ట్రాక్టర్ లోడర్ సిలిండర్‌లో వంగిన రాడ్డును సరిచేయడం

9.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• లోడర్ సిలిండర్ రాడ్డు ఏ పరిస్థితులలో వంగుతుందో వివరించగలుగుతారు.
• వంపును కొలిచి, రాడ్డును సరిచేయాలా, కొత్తది వేయాలా అన్నది నిర్ణయించగలుగుతారు.
• ప్రెస్‌పై రాడ్డును సరిచేసే పద్ధతిని క్రమంగా చెప్పగలుగుతారు.
• ఈ పనిలో ప్రాణాపాయం ఎక్కడ పొంచి ఉందో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

వానలు పడకముందే పెంట పొలానికి తోలాలి. అదే సమయంలో లోడర్ బకెట్ ఒక పక్కకు ఒరిగింది, సిలిండర్ దగ్గర నూనె కారుతోంది. రైతు ట్రాక్టర్‌ను మీ షెడ్డుకు తెచ్చి, "కొంచెం కాల్చి, సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిచేయండి, సాయంత్రానికి తీసుకుపోతాను" అంటాడు. అతని తొందర న్యాయమైనదే. కాని అతడు చెప్పిన పద్ధతిలో పనిచేస్తే ఆ రాడ్డు మళ్లీ వంగుతుంది, లేదా కొత్త సీళ్లను నాలుగు రోజులలో చింపేస్తుంది. ఎత్తిన బకెట్ కింద మనిషి ఉన్నప్పుడే అది విఫలమైతే జరిగే నష్టాన్ని డబ్బుతో పూడ్చలేము. కాబట్టి అతనికి ఏమి చెప్పాలో, ఎందుకు చెప్పాలో మీకు ముందుగా తెలియాలి.

సిలిండర్ నిర్మాణాన్ని గత భాగాలలో చదివారు. రాడ్డును సాధారణంగా మధ్యస్థ కార్బన్ ఉక్కుతో చేసి, పైన హార్డ్ క్రోమ్ పూత వేస్తారు. ఈ పూత మందం ఒక మిల్లీమీటరులో నలభయ్యో వంతు లేదా అంతకన్నా తక్కువే. అది చాలా గట్టిది, కాని పెళుసు. ఉక్కు వంగినంతగా క్రోమ్ వంగలేదు, పగులుతుంది. ఈ భాగంలో మీరు తీసుకునే నిర్ణయాలలో చాలావాటికి మూలం ఈ ఒక్క విషయమే.

9.2 రాడ్డు ఎందుకు వంగుతుంది?

వెదురు కర్ర మీద నిలువుగా బరువు మోపి చూడండి. పొట్టి కర్ర నిలబడుతుంది. అంతే లావున్న పొడుగు కర్ర మధ్యలో పక్కకు వంగిపోతుంది. పొడవైన వస్తువు నొక్కుడు బలానికి పక్కకు వంగడాన్ని బక్లింగ్ అంటారు. ఏ బలం దగ్గర ఇది జరుగుతుందో లెక్కకట్టే సూత్రాన్ని 18వ శతాబ్దపు స్విట్జర్లాండ్ గణితవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ ఇచ్చాడు. దాని నుంచి మనం గుర్తుంచుకోవలసినవి రెండు:

• పొడవు రెట్టింపైతే తట్టుకునే బలం నాలుగో వంతుకు పడిపోతుంది.
• వ్యాసం సగమైతే తట్టుకునే బలం పదహారో వంతుకు పడిపోతుంది.

ఉదాహరణ: లోపలి వ్యాసం 63 మి.మీ. ఉన్న సిలిండర్‌లో 160 బార్ పీడనం ఉందనుకుందాం. పిస్టన్ వైశాల్యం సుమారు 3117 చదరపు మి.మీ. కాబట్టి రాడ్డు మీద పడే బలం దాదాపు 50 కిలోన్యూటన్లు, అంటే సుమారు 5 టన్నుల బరువు. పూర్తిగా చాచినప్పుడు పిన్ను నుంచి పిన్నుకు దూరం 1400 మి.మీ. అనుకుంటే, ఆయిలర్ సూత్రం ప్రకారం 40 మి.మీ. రాడ్డు సుమారు 126 కిలోన్యూటన్ల వరకు తట్టుకుంటుంది. అంటే రెండున్నర రెట్లు రక్షణ ఉంది. అదే చోట 30 మి.మీ. రాడ్డు వేస్తే అది తట్టుకునేది 40 కిలోన్యూటన్లు మాత్రమే. రాయికి తగలనక్కరలేదు, పంపు ఇచ్చే పీడనానికే అది వంగిపోవచ్చు. వ్యాసంలో 10 మి.మీ. తగ్గినందుకే ఇంత తేడా వచ్చింది. చవకగా దొరికిందని సన్న రాడ్డు వేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కరలేదు.

పొలంలో రాడ్డు వంగడానికి తరచు కనిపించే కారణాలు ఇవి:

అ) బకెట్‌ను పూర్తిగా కిందికి వంచి ట్రాక్టర్‌ను వెనక్కు నడుపుతూ నేల చదును చేయడం. చాలా లోడర్లలో బకెట్ వంచినప్పుడు దాని సిలిండర్లు పూర్తిగా చాచి ఉంటాయి. అప్పుడు బకెట్ అంచు నేలలో దిగబడితే, ఆ బలమంతా చాచిన రాడ్డును నొక్కుతుంది.
ఆ) బకెట్ ఒక మూల మాత్రమే రాయికో మొద్దుకో వేగంగా తగలడం. రెండు సిలిండర్లు పంచుకోవలసిన బలంలో ఎక్కువ భాగం ఒకదాని మీదే పడుతుంది.
ఇ) రిలీఫ్ వాల్వ్‌ను "బలం పెరుగుతుంది" అని బిగించడం.
ఈ) బయటి నుంచి రాయి, దుంగ వంటివి నేరుగా రాడ్డుకు తగలడం.

కారణం కనుక్కోకుండా రాడ్డు మాత్రమే సరిచేస్తే, అదే ట్రాక్టర్ అదే పనికి మళ్లీ మీ దగ్గరకు వస్తుంది. కాబట్టి ఎలా వంగిందో డ్రైవరును అడగండి. తప్పు పట్టినట్టు కాక, తెలుసుకోవడానికి అడిగితే నిజం చెబుతాడు.

9.3 విప్పే ముందు జాగ్రత్తలు

1. బకెట్‌ను నేలకు ఆనించండి. ఇంజన్ ఆపి తాళంచెవి తీసి మీ జేబులో ఉంచుకోండి.
2. కంట్రోల్ లివర్లను అన్ని వైపులకూ కొన్నిసార్లు కదిపి, పైపులలో మిగిలిన పీడనాన్ని వదలండి.
3. రాడ్డు వంగి చిక్కుకుపోయి లోడర్ కిందికి దిగకపోతే, చేతులకు గట్టి ఇనుప స్టాండ్లు ఆధారంగా పెట్టకుండా దాని కిందికి వెళ్లకండి. జాకీ మాత్రమే పెట్టి పనిచేయడం సరిపోదు.
4. నూనె కారే చోటును చేతితో తడమకండి. అట్టముక్క ఉపయోగించండి. పీడనంతో వచ్చే సన్నని నూనె ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిమొన అంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే వేలు, కొన్నిసార్లు చేయి పోతుంది.

తరువాత హోస్ పైపులకు గుర్తులు పెట్టి, విప్పి, మూతలు బిగించండి. సిలిండర్‌ను దించి గ్లాండ్‌ను విప్పి, రాడ్డు, గ్లాండ్, పిస్టన్ మూడింటినీ కలిపి బయటకు లాగండి. వంగిన చోటు మీదుగా గ్లాండ్‌ను బలవంతంగా జరపకండి, లోపలి బుష్ గీసుకుపోతుంది. పిస్టన్ నట్టు తీసి, గ్లాండ్‌ను నిటారుగా ఉన్న వైపు నుంచే తీయండి. రెండో సిలిండర్ రాడ్డును కూడా తప్పక పరీక్షించండి.

9.4 వంపును కొలవడం

రాడ్డును శుభ్రంగా తుడిచి రెండు వి-బ్లాకుల మీద పెట్టండి. డయల్ గేజ్ మొనను రాడ్డుకు ఆనించి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. అతి ఎక్కువ, అతి తక్కువ రీడింగుల తేడాలో సగమే అసలు వంపు. తేడా 3 మి.మీ. వస్తే వంపు 1.5 మి.మీ. అన్నమాట. ఇలా ప్రతి 100 మి.మీ.కు ఒకచోట కొలిచి, నోటుపుస్తకంలో రాసి, ఉబ్బిన వైపు సుద్దతో గుర్తు పెట్టండి. ఈ అంకెలు చూస్తే వంపు విల్లులా పొడుగునా ఉందా, ఒకేచోట మడత పడిందా అన్నది తెలుస్తుంది.

కొత్త రాడ్లలో వంపు సాధారణంగా మీటరు పొడవుకు 0.2 నుంచి 0.3 మి.మీ. మించదు. గ్లాండ్‌లోని బుష్‌కూ రాడ్డుకూ మధ్య ఖాళీ చాలా స్వల్పం కాబట్టి, మీరు సరిచేసిన రాడ్డు కూడా దీనికి వీలైనంత దగ్గరగా రావాలి. కంటికి తిన్నగా కనిపించడం చాలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
డయల్ గేజ్ రీడింగుల తేడా 0.8 మి.మీ. అయితే రాడ్డు వంపు ఎంత?

9.5 సరిచేయాలా, మార్చాలా?

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా రాడ్డును మార్చవలసిందే:
• ఒకేచోట పదునైన మడత.
• మరలు, పిస్టన్ నిలిచే మెట్టు, కంటి వెల్డింగు వంటి చోట్లకు దగ్గరలో వంపు.
• క్రోమ్ లేచిపోవడం, తుప్పు గుంటలు, లోతైన గీతలు.
• గోటితో రాస్తే తగిలే పగుళ్లు, లేదా రంగుద్రవ పరీక్షలో బయటపడే పగుళ్లు.
• పైపొరను ప్రత్యేకంగా గట్టిపరచిన రాడ్డు. దీన్ని సరిచేయబోతే పగిలే అవకాశం ఎక్కువ.
• ఇంతకుముందే ఒకసారి సరిచేసిన రాడ్డు.

వంపు విల్లులా కొద్దిగా ఉండి, క్రోమ్ చెక్కుచెదరకుండా ఉంటేనే సరిచేయడం గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా రైతుకు ఒక మాట స్పష్టంగా చెప్పండి. ఒకసారి వంచి తిరిగి సరిచేసిన ఉక్కు, మొదట వంగిన దిక్కుకే మునుపటికన్నా తక్కువ బలానికి వంగుతుంది. లోహశాస్త్రంలో దీన్ని బాషింగర్ ప్రభావం అంటారు. కాబట్టి సరిచేసిన రాడ్డు కొత్త రాడ్డుతో సమానం కాదు. సీజను గట్టెక్కడానికి అది పనికిరావచ్చు. ఏళ్ల తరబడి భారీ పనికి వాడే లోడర్‌కు కొత్త రాడ్డే మేలు.

9.6 ప్రెస్‌పై సరిచేయడం

మంటతో కాల్చకండి. వేడికి ఉక్కు బలం మారుతుంది, క్రోమ్ పాడవుతుంది. సుత్తితో కొట్టకండి. దెబ్బ పడినచోట క్రోమ్ చితికి, ఆ గుంట సీలును కోస్తుంది. చల్లగా ఉన్న రాడ్డును ప్రెస్‌పై నెమ్మదిగా నొక్కడమే సరైన పద్ధతి.

1. రాడ్డుకు రెండు వైపులా వి-బ్లాకులు పెట్టి, రాడ్డుకూ వాటికీ మధ్య రాగి లేదా అల్యూమినియం రేకులు ఉంచండి. ప్రెస్ మొన కింద కూడా అదే రేకు ఉండాలి.
2. సుద్ద గుర్తు పైకి వచ్చేలా రాడ్డును తిప్పి, ప్రెస్ మొనను ఉబ్బు మీదికి తెండి.
3. రాడ్డు ఎగిరిపడే దారిలో నిలబడకండి. ప్రెస్ ముందు రక్షణ జాలి, కంటికి అద్దాలు తప్పనిసరి.
4. కొద్దిగా నొక్కి వదిలి, గేజ్‌తో కొలవండి. మొదట్లో ఏ మార్పూ కనిపించదు. ఉక్కు స్ప్రింగులా వెనక్కు వస్తుంది కాబట్టి తిన్నని గీతను దాటి కొంత అవతలికి నొక్కితేనే నిలుస్తుంది.
5. ప్రతిసారీ నొక్కుడును కొంచెం కొంచెం పెంచండి. ఎంత నొక్కితే ఎంత తగ్గిందో రాసుకుంటే తరువాతి నొక్కుడును అంచనా వేయగలుగుతారు.
6. విల్లు వంపు అయితే మధ్యలో ఒకేచోట కాక, మూడు నాలుగు చోట్ల పంచి నొక్కండి.
7. పూర్తయ్యాక క్రోమ్‌ను మళ్లీ పగుళ్ల కోసం పరీక్షించండి. పగులు కనిపిస్తే ఇంతవరకు పడిన శ్రమను మరిచిపోయి రాడ్డును పక్కన పెట్టండి.

9.7 కొత్త రాడ్డు చేయించడం

క్రోమ్ పూత వేసిన కడ్డీ బజారులో కొలత ప్రకారం దొరుకుతుంది. పాత రాడ్డు వ్యాసం, మొత్తం పొడవు, మరల కొలత, మెట్టు పొడవు రాసుకుని లేత్‌పై తయారుచేయించాలి. కంటిని వెల్డింగ్ చేసే చోట క్రోమ్‌ను ముందుగా లేత్‌పైనే పూర్తిగా తీసేయాలి. క్రోమ్ మీద వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ విషపూరితం, అతుకు కూడా నిలవదు. మధ్యస్థ కార్బన్ ఉక్కును ముందుగా వేడిచేసి, తడిలేని తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లతో అతికి, గాలి తగలకుండా కప్పి నిదానంగా చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే అతుకు పక్కన పగులుతుంది. బిగించి ఉన్న సిలిండర్ మీద ఎప్పుడూ వెల్డింగ్ చేయకండి. లోపలి నూనె ఆవిరి పేలవచ్చు.

9.8 బిగించడం, పరీక్షించడం

సీళ్లన్నీ కొత్తవి వేయండి. రాడ్డు సీలు పెదవి నూనె పీడనం ఉన్న వైపుకు, వైపర్ సీలు పెదవి బయటికి ఉండాలి. బుష్ ఒక పక్క అరిగితే దాన్నీ మార్చండి. సిలిండర్ లోపలి గోడ మీద గీతలున్నాయేమో వెలుతురులో చూడండి. బిగించాక బకెట్ ఖాళీగా ఉంచి, తక్కువ వేగంలో పూర్తిగా చాచి ముడుస్తూ కొన్నిసార్లు నడిపి గాలిని వదలండి. నూనె మట్టం చూడండి. చివరగా గేజ్ బిగించి రిలీఫ్ వాల్వ్ పీడనం తయారీదారు చెప్పిన అంకె వద్దే ఉందో లేదో సరిచూడండి.

9.9 సారాంశం

చాచిన పొడవైన రాడ్డు నొక్కుడు బలానికి వంగుతుంది. పీడనం వదలి, ఆధారాలు పెట్టిన తరువాతే విప్పాలి. గేజ్‌తో కొలిచిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి. స్వల్పమైన విల్లు వంపును చల్లగా, ప్రెస్‌పై, కొద్దికొద్దిగా సరిచేయవచ్చు. మడత, పగులు ఉంటే మార్చాలి. వంగడానికి కారణమైన అలవాటును లేదా వాల్వ్ అమరికను సరిచేసినప్పుడే మరమ్మతు పూర్తయినట్టు.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. 40 మి.మీ. రాడ్డు స్థానంలో 30 మి.మీ. రాడ్డు వేయడం ఎందుకు ప్రమాదకరమో లెక్కతో వివరించండి.
2. వంగిన రాడ్డును కాల్చి, సుత్తితో సరిచేయమన్న రైతుకు మీరు ఏమని నచ్చజెబుతారు?
3. రాడ్డును తప్పక మార్చవలసిన సందర్భాలను పేర్కొనండి.

ప్రగతి ప్రశ్నకు సమాధానం: 0.4 మి.మీ.