ముందు పరీక్ష ఎవరికి? ఏటూరునాగారంలో అడగాల్సిన ప్రశ్న

పిల్లలు కలగని ఆడమనిషిని అనడానికి మన ఊళ్లలో 'గొడ్రాలు' అనే మాట సిద్ధంగా ఉంటుంది. మగవాడిని అలా అనే మాట వాడుకలో వినిపించదు. పెళ్లయి రెండేళ్లు దాటితే కోడలిని గుళ్లకు, నాటువైద్యుల దగ్గరికి, స్కానింగ్ సెంటర్లకు తిప్పుతారు. కొడుకుకు రెండో పెళ్లి మాట ఎత్తుతారు. ఆ కొడుక్కి ఒక్క పరీక్ష కూడా చేయించరు. నిజానికి సంతానం లేని జంటల్లో సుమారు సగం మందికి మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు.

ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పరీక్షలు మొదలుపెట్టాలి. మగవారి పరీక్ష అందుబాటులో ఉండాలన్నది కూడా ఆరోగ్య హక్కే అని మేము అంటున్నాం.

వీర్య పరీక్షలో ఏం చూస్తారు?

2 నుంచి 7 రోజులు ఆగి నమూనా ఇవ్వాలి. వీర్యం పరిమాణం, కణాల సంఖ్య, కదలిక, ఆకారం చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల ప్రకారం మిల్లీలీటరుకు కనీసం 1.6 కోట్ల కణాలు, వాటిలో 42 శాతం కదిలేవి, 4 శాతం సరైన ఆకారంలో ఉన్నవి ఉండాలి. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవారిని పరీక్షించి, వారిలో అట్టడుగు 5 శాతం దగ్గర ఈ గీత గీశారు. కాబట్టి గీతకు కొంచెం కింద ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు.

వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈ మధ్యలో మలేరియా, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వస్తే సంఖ్య పడిపోతుంది, తర్వాత మళ్లీ పెరగొచ్చు. అందుకే మొదటి రిపోర్టు బాగాలేకపోతే మళ్లీ పరీక్షించాలి. ఇంకో మాట: మగతనం వేరు, వీర్యకణాల సంఖ్య వేరు. సంసారంలో ఏ ఇబ్బందీ లేని మనిషికీ కణాలు తక్కువ ఉండొచ్చు.

మందు కొట్టేవాళ్ల సంగతి

వృషణాల దగ్గర నరాలు ఉబ్బే వెరికోసీల్, యుక్తవయసులో వచ్చిన గవదబిళ్లలు, ఇన్‌ఫెక్షన్లు, పొగాకు, అతిగా తాగడం, రోజంతా వేడి దగ్గర పని, ఇవన్నీ కారణాలు కావచ్చు. బలం కోసమని వేసే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వీర్యకణాల తయారీనే ఆపేస్తుంది. పిల్లలు కావాలనుకునేవారు దాని జోలికి పోవద్దు.

పురుగుమందుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఏటూరునాగారం, మంగపేట మండలాల్లో గోదావరి ఒడ్డున మిర్చి పండుతుంది. మిర్చికి మందులు ఎక్కువ. తైవాన్ పంపు వీపున వేసుకుని, గ్లౌజులు, మాస్కు లేకుండా మందు కొట్టేది కూలీలు, కౌలు రైతులు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులకు ఎక్కువగా గురైన మగవారిలో వీర్యకణాలు తక్కువగా ఉన్నాయని, పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2023 సమీక్ష తేల్చింది. మందు కొట్టిన ప్రతివారికీ పిల్లలు పుట్టరని దీని అర్థం కాదు. ప్రమాదం ఎవరి ఒంటి మీద పడుతోందో మాత్రం స్పష్టం.

1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే కార్మికులు తమకు పిల్లలు పుట్టడం లేదని తామే గమనించి పరీక్షలు కోరారు. కొందరిలో కణాలు అసలే లేవు. 1979లో అమెరికా ఆ మందు వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. ఆ నిజం కార్మికులు అడిగితేనే బయటపడింది.

చికిత్సకు వెళ్లే ముందు

కొన్ని కారణాలకు మందులో, చిన్న ఆపరేషనో సరిపోతుంది. కణాలు కొద్దిగా తక్కువైతే శుభ్రపరిచిన వీర్యాన్ని గర్భాశయంలోకి పంపే ఐయూఐ ఉంది. చాలా తక్కువైతే ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని పంపే ఇక్సీ ఉంది. ఆ పద్ధతిలో తొలి బిడ్డ పుట్టింది 1992లో. వీర్యంలో కణాలు లేకపోయినా కొందరికి వృషణం నుంచే తీసి వాడతారు.

ప్రైవేటులో ఒక్కో ఐవీఎఫ్ ప్రయత్నానికి లక్ష రూపాయలు దాటుతుంది. 2023 అక్టోబర్‌లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది. ఎక్కడికి వెళ్లినా 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టరైన కేంద్రమో కాదో చూడాలి. దంపతుల రాతపూర్వక అంగీకారం లేకుండా చికిత్స చేయకూడదు. 2025 జూలైలో సికింద్రాబాద్ సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు బయటపడింది. సరోగసీ బిడ్డ అని చెప్పి పేద తల్లిదండ్రుల దగ్గర కొన్న బిడ్డను దంపతులకు ఇచ్చారన్నది పోలీసుల ఆరోపణ. మోసపోయిన దంపతులు ఒకవైపు, బిడ్డను అమ్ముకునేంత పేదరికం మరోవైపు. ఈ వ్యాపారం ఆ రెండింటి మీద నడుస్తుంది.

ఏం అడగాలి?

వీర్య నమూనాను గంటలోపు పరీక్షించాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్ వంద కిలోమీటర్ల పైనే. ఇంటి దగ్గర తీసుకుని బస్సులో పట్టుకెళ్తే దారిలోనే గడువు దాటుతుంది. మనిషే వెళ్లాలి, ఒక రోజు కూలీ పోగొట్టుకోవాలి, చార్జీలు పెట్టుకోవాలి. ఆడవారినే తిప్పడానికి సిగ్గుతో పాటు ఈ దూరమూ ఒక కారణం.

కణాల సంఖ్య, కదలిక చూడటానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఏజెన్సీలో మలేరియా రక్తపు స్లైడులు చూసే మైక్రోస్కోపు లాంటిదే చాలు. దానికి తోడు కణాలు లెక్కించే గాజు పలక, శిక్షణ పొందిన టెక్నీషియన్, తలుపు వేసుకునే ఒక గది కావాలి. వీటిని ఏటూరునాగారం ప్రభుత్వ ఆసుపత్రిలో ఏర్పాటు చేయమని వైద్యశాఖనూ, ఐటీడీఏనూ అడగాలి. మందు కొట్టే కూలీలకు రక్షణ సామగ్రి యజమానే ఇవ్వాలని కూలి సంఘాలు డిమాండ్ పెట్టాలి. విద్యార్థులు, కార్యకర్తలు వాడల్లో మీటింగు పెట్టినప్పుడు మగవారిని కూడా కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడాలి. ఇంకో ఆడపిల్లను పుట్టింటికి పంపే ముందు, ఆ ఇంట్లో మగవాడి రిపోర్టు ఉందా అని అడగడం మనతోనే మొదలవ్వాలి.