అందరికంటే ముందు రక్తం చెబుతుంది

జెద్దాలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. మా దగ్గరికి మనుషులు రారు, ట్యూబులే వస్తాయి. ఓ ఆగస్టు రాత్రి వచ్చిన ట్యూబు మీద ఇంటిపేరు చూడగానే మనవాడని తెలిసిపోయింది. వయసు 29.

ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తే మలయాళీ సిస్టర్ చెప్పింది. కట్టడాల పనట. మూడు రోజులుగా చలిజ్వరం. ఎండదెబ్బేమోనని రూములోనే పడుకున్నాడట.

జ్వరం బాక్టీరియా వల్లేనా అని తేల్చేది బ్లడ్ కల్చర్. కానీ సూక్ష్మజీవి పెరిగి కనిపించడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది. ఈలోగా దారి చూపించేవి రక్తంలోని గుర్తులు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో, న్యుమోనియా రోగుల రక్తంలో సీఆర్‌పీని కనుక్కున్నారు. అది పెరగడానికి సగం రోజు పడుతుంది, పైగా ఏ వాపుకైనా పెరుగుతుంది. 1993లో ఫ్రెంచి వైద్యులు ప్రొకాల్సిటోనిన్ సంగతి బయటపెట్టారు. మామూలుగా ఇది థైరాయిడ్‌లో తయారై కాల్సిటోనిన్ అనే హార్మోనుగా మారిపోతుంది, రక్తంలో దాదాపు కనిపించదు. బాక్టీరియా రక్తంలో చెలరేగితే మాత్రం కాలేయం, ఊపిరితిత్తులు, చివరికి కొవ్వు కూడా దీన్ని తయారుచేస్తాయి. నాలుగైదు గంటల్లోనే పరీక్షకు దొరుకుతుంది. వైరస్ జ్వరాల్లో అంతగా పెరగదు.

అలాగని ఇదే తీర్పు కాదండీ. పెద్ద ఆపరేషన్లకూ, కాలిన గాయాలకూ, నిజమైన వడదెబ్బకూ ఇది పెరగొచ్చు. అందుకే అంకెతోపాటు మనిషినీ చూడాలి.

అతని అంకె 14 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 0.1 కూడా ఉండదు. వెంటనే డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన ఫలితం కోసం ఆగకుండా అప్పటికే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. అంకె విన్నాక ఐసీయూకి మార్చారు. రెండో రోజు కల్చర్‌లో ఈ.కోలై పెరిగింది. మూత్రపిండంలో మొదలై రక్తంలోకి పాకిందన్నమాట.

మందు పనిచేస్తుంటే ప్రొకాల్సిటోనిన్ రోజుకి సుమారు సగం తగ్గుతుంది. 14, 7, 3... అతను కోలుకోవడం నేను అంకెల్లోనే చూశాను.

వార్డుకి మార్చాక, డ్యూటీ దిగి వెళ్ళి పలకరించాను. మెట్‌పల్లి దగ్గర ఊరట.

"తొలిరోజే రావచ్చు కదా తమ్ముడూ?"

"పనికి పోకుంటే జీతం కట్ చేస్తరన్నా. జరం వచ్చిందని దవాఖానకు ఎవడు పోతడు?"

నా దగ్గర జవాబు లేదు. మా మిషన్ గంటలోపే చెప్పేస్తుంది. కానీ ట్యూబు దాని దాకా రావడానికి మూడు రోజులు పట్టింది.