కావలి సాఫ్టువేరు వలన కంప్యూటర్లు కూలిన విధము

2024వ సంవత్సరము జులై 19వ తేది శుక్రవారమునాడు శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసుల నీయవలసి వచ్చెను. హైదరాబాదునుండి కలకత్తా పోవు నొక ప్రయాణికునికిచ్చిన అట్టి చీటియొక్క ఛాయాచిత్రమును దేశమంతయు చూచినది. దీనికి కారణము విద్యుల్లోపమును గాదు, దొంగల చేష్టయును గాదు. కంప్యూటర్లను కాచుటకై యుంచిన సాఫ్టువేరే వానిని కూల్చెను. ఈ సంగతి మన విద్యార్థులును, తలిదండ్రులును తెలిసికొనదగియున్నది. ఏలయన, దుబ్బాకలోని మీసేవ కేంద్రమున నొక ధ్రువపత్రము కోరినను, దూరముననున్న సర్వరు అను పెద్ద కంప్యూటరు పలికిననే యది మన చేతికి వచ్చును.

సర్వరును నడుపువారు సాధారణముగా దాని చెంత నుండరు; వేరొక యూరినుండి ఆజ్ఞలు పంపుచుందురు. కంటికి కానరాని యంత్రము క్షేమముగా నున్నదో లేదో యెరుగుటకు దానిలో నొక కావలి సాఫ్టువేరును పెట్టుదురు. వచ్చి పోవు సమాచారమును, లోపల జరుగు పనులను అది కనిపెట్టుచుండును. పైపైన నుండి చూచు కావలి చెడినచో అది యొక్కటే ఆగిపోవును. గాని సర్వమును చూడవలెనన్న, కెర్నెలు అను గర్భగృహమున దానికి చోటీయవలెను. అక్కడ తప్పు జరిగిన, సమాచారము పాడగుటకంటె యంత్రము నిలిచిపోవుటయే మేలని విండోసు వ్యవస్థ అంతటిని ఆపివేయును.

అమెరికాలోని క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీవారి ఫాల్కన్ అట్టి గర్భగృహపు కావలి. ఆనాడు మన కాలమానమున ఉదయము 9 గంటల 39 నిమిషములకు వారు దానికి క్రొత్త యానవాళ్ల ఫైలు నొకదానిని పంపిరి. ఆ ఫైలు 21వ యంశమును చూడుమనెను. ఫాల్కనుకు అందినవో 20 మాత్రమే. 20 పోగులున్న పడుగులో 21వ పోగును పట్టబోయినట్లు, అది తనది కాని జ్ఞాపకస్థానమున చేయి పెట్టెను. ఫైళ్లను ముందుగా పరీక్షించు సాధనమునందును లోపముండుటచే తప్పు బయటపడలేదు. 10 గంటల 57 నిమిషములకు ఫైలును ఉపసంహరించిరి గాని, అప్పటికే సుమారు 85 లక్షల కంప్యూటర్లు కూలినవని మైక్రోసాఫ్టువారి యంచనా.

దోషమును పట్టిన రీతి వైద్యుని రీతి వంటిది. ఆ వేళ ఆపియుంచిన యంత్రములు చెడలేదు. ఫాల్కన్ ఉన్నను మాకింటోషు, లినక్సు యంత్రములు చెడలేదు. చెడినవన్నియు ఫాల్కన్ కల విండోసు యంత్రములే. చెడుటకు ముందు మారినదేమి యని యడుగగా, ఆ ఫైలొక్కటే మిగిలెను.

మందు తెలిసినది, త్రాగించుటయే కష్టమైనది. యంత్రము మరల లేచునప్పుడు ఫాల్కన్ ముందుగా లేచి, ఆ ఫైలునే చదివి, మరల కూల్చును. దూరమునుండి ఆజ్ఞ లోపలికి చేరుటకు వ్యవధియే లేదు. కొన్నిటిని పదునైదు మారుల వరకు ఆపి లేపగా, ఏదో యొకమారు దిద్దిన ఫైలు ముందుగా అందుటచే కోలుకొన్నవి. తక్కినవానికడకు మనుష్యులే పోయి, సేఫ్ మోడు అను కనీస స్థితిలో లేపి, పేరులో 291 అంకె గల ఫైలును చేతితో తీసివేయవలసి వచ్చెను. బిట్‌లాకరు తాళము గలవానికి ముందుగా 48 అంకెల తాళపుచెవి కావలెను. ఆ యంకెలను కూలిన సర్వరులోనే దాచుకొన్నవారి పాట్లు చెప్పనక్కరలేదు!

కొన్ని సర్వరులలో వేరుగా నొక చిన్న యాజమాన్య పలక యుండును. ప్రధాన వ్యవస్థ మూర్ఛిల్లినను అది మేలుకొని, దూరముననున్నవానికి తెరను, కీలఫలకమును అందించును. అట్టి మార్గము గలవారు కూర్చున్న చోటినుండియే ఫైలును తీసివేయగలిగిరి. అటుపిమ్మట క్రౌడ్‌స్ట్రైక్ వారు ఇట్టి ఫైళ్లను ఒక్కమారుగా నందరికి పంపక, మొదట కొన్ని యంత్రములకు పంపి, అవి నిలిచిన పిదప తక్కినవానికి పంపు పద్ధతిని చేపట్టిరి.