జపమాల, స్కానర్, గుంటూరు ఆసుపత్రి

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిత్రమైన పరిశోధన అచ్చయింది. ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో జపమాల ప్రార్థన చెప్పించింది, ఒక మంత్రమూ జపింపజేసింది. మామూలుగా నిమిషానికి పద్నాలుగు దాకా ఉండే శ్వాసలు రెండు సందర్భాల్లోనూ ఆరుకు దగ్గరగా దిగివచ్చాయి. గురువు సగం చెప్పి ఆపితే సంఘం తక్కిన సగం అందుకునే పద్ధతిలో ఒక మరియ జపానికి సుమారు పది సెకన్లు పడుతుంది. ఒక నిండు శ్వాసకూ అంతే కావాలి. ఊపిరి ఆ నడకలో పడితే రక్తపోటు ఎగుడుదిగుళ్లను సరిదిద్దే బారోరిఫ్లెక్స్ అనే నాడీ ఏర్పాటు మరింత చురుగ్గా స్పందిస్తుంది.

పొయ్యి మీద కూర మాడుతుందేమోనన్న ధ్యాసతో గబగబా ముగించే జపానికి ఈ లెక్క వర్తించదు.

డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఊఫె స్కోట్ మరో ప్రశ్న వేసుకున్నాడు. దేవునితో సొంత మాటల్లో మాట్లాడేటప్పుడు మెదడు ఏం చేస్తుంది? 20 మంది భక్తిపరులైన క్రైస్తవులను స్కానర్‌లో పడుకోబెట్టి సొంత ప్రార్థన చేయమన్నాడు, పరలోక ప్రార్థన వల్లించమన్నాడు, క్రిస్మస్ తాతకు కోరికలూ చెప్పుకోమన్నాడు. సొంత ప్రార్థన వేళ, ఎదుటి మనిషి మనసులో ఏముందో ఊహించడానికి పనికొచ్చే ప్రాంతాలు వెలిగాయి. క్రిస్మస్ తాతతో మాట్లాడినప్పుడు అలా జరగలేదు. 2009లో వెలువడిన ఈ ఫలితం దేవుడు ఉన్నాడనీ లేడనీ తేల్చదు, అది స్కానర్ పని కాదు. ‘తండ్రీ’ అని పిలిచే విశ్వాసి మెదడు మాత్రం నిజంగా ఒకరితో సంభాషిస్తున్నట్టే పనిచేస్తుంది.

ఆ సంభాషణలో భయాన్ని దాచుకోవాల్సిన పనీ లేదు. కీర్తనల గ్రంథంలో ఇంచుమించు మూడో వంతు విలాపాలే. శత్రువులు, రోగం, ఒంటరితనం అన్నింటినీ పేరు పెట్టి మరీ మొరపెట్టుకుంటాయి. కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో గమనించింది ఇక్కడ గుర్తొస్తుంది: ముఖంలో కనిపించే భావానికి ఒక మాట తగిలిస్తే, ప్రమాద ఘంటిక మోగించే అమిగ్డలా స్పందన తగ్గి, నుదుటి వెనుక ఉన్న మెదడు భాగంలో కదలిక పెరుగుతుంది. ‘అంతా దేవుని దయ’ అని నవ్వి తప్పుకునే సాక్ష్యాల కంటే, ‘ఉద్యోగం పోయింది, వీసా గడువు దగ్గరపడింది, రాత్రుళ్లు నిద్ర లేదు’ అని ఆదివారం గృహ కూడికలో విప్పి చెప్పుకునే విన్నపమే దావీదు కీర్తనల దారికి దగ్గర.

అన్ని ఫలితాలూ భక్తులను సంతోషపెట్టేవి కావు. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ బృందం 1,802 మంది బైపాస్ రోగుల మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. తమ కోసం ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసినవారిలో 59 శాతానికి ఇబ్బందులు ఎదురయ్యాయి. ఆ సంగతి తెలియకుండా ప్రార్థన పొందినవారిలో 52 శాతం, అసలు పొందనివారిలో 51 శాతం. ‘ప్రార్థన బృందాన్నే పిలిపించారంటే నా పరిస్థితి అంత విషమించిందా’ అన్న దిగులు కారణం కావచ్చని పరిశోధకుల ఊహ. మందు మోతాదులా ప్రార్థనను కొలవాలనుకోవడంలోనే చిక్కుంది.

తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి మందూ ప్రార్థనా పోటీగా ఉండేవి కావు. 1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల, పిల్లల కోసం ఆసుపత్రి తెరిచారు. ప్రసవానికి, జ్వరానికి, కంటికి మిషను డాక్టరమ్మ దగ్గరికి నడిచిన కుటుంబాల మనవలే, కుంగుబాటు విషయానికొచ్చేసరికి ‘విశ్వాసం చాల్లేదు’ అంటారు. వినడానికి వింతగా ఉంటుంది. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావును కోరుకున్నప్పుడు దూత అతన్ని మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని పడుకున్నాడు, దూత మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు ప్రయాణం ఆ తర్వాతే.

విశ్వాస లోపానికీ జబ్బుకీ మధ్య ఉన్న ఈ తేడా పాస్టర్లకు తెలిసి ఉండటం అవసరం. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి సన్నగిల్లితే ఉపవాస ప్రార్థనతో పాటు వైద్యుడి అపాయింట్‌మెంటూ కావాలి. నిజానికి ఆ స్థితిలో ఉపవాసం మానుకోవడమే మేలు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అమెరికాలో 988కు, భారతదేశంలో టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.