మెమరీ కార్డు మంచిదేనా? పాత కంప్యూటర్‌తోనే తేల్చుకుందాం



మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, మార్కుల మెమోలు, ప్రాజెక్టు రిపోర్టు అన్నీ ఇవాళ గోరంత మెమరీ కార్డులో ఇమిడిపోతున్నాయి. కోచింగ్ కోసం అమీర్‌పేట మైత్రీవనం, పంజగుట్ట వైపు తిరిగే మనవాళ్లు నోట్సు కూడా అందులోనే ఎక్కించుకుంటారు. చౌకగా దొరికిందని కొన్న కార్డు స్కాలర్‌షిప్ గడువు రోజున తెరుచుకోకపోతే? అందుకే ఈ నాలుగు మాటలు.

నకిలీ కార్డు ఎలా మోసం చేస్తుంది? లోపల ఉన్న చిప్పు 4 జీబీదే అయినా, కంప్యూటర్‌కు 32 జీబీ అని చెబుతుంది. 4 జీబీ నిండాక ఎక్కించినవి నిలవవు. కానీ ఫైళ్ల పేర్ల పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లు మాత్రం కనిపిస్తాయి. ప్రాపర్టీస్‌లో చూస్తే చాలదనేది ఇందుకే. అయితే అసలైన 32 జీబీ కార్డు కూడా 29.8 జీబీ దగ్గరే చూపిస్తుంది. అది లెక్కల తేడా, మోసం కాదు.

పరీక్షకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, విండోస్ ఎక్స్‌పీలోనూ నడుస్తుంది. లైనక్స్ వాడేవారికి ఎఫ్3 ఉంది. ముందు కార్డులో ఉన్నవన్నీ వేరేచోట కాపీ చేసుకొని ఖాళీ చేయండి. తర్వాత కార్డును ఎంచుకొని 'రైట్ ప్లస్ వెరిఫై' నొక్కండి. అది కార్డు నిండా రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. తప్పులు లేవని వస్తే నమ్మవచ్చు. తప్పులు చూపితే కార్డు రీడర్ మార్చి ఇంకోసారి చూడండి. మళ్లీ అదే వస్తే ఆ కార్డులో ఏదీ దాచకండి.

పాత కంప్యూటర్‌తో మూడు చిక్కులున్నాయి. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ కార్డులను అంతకుముందరి రీడర్లు గుర్తించవు. కొత్త యూఎస్‌బీ రీడర్ పెడితే సరిపోతుంది. 64 జీబీ కార్డు పెడితే ఎక్స్‌పీ 'ఫార్మాట్ చేయాలా?' అని అడగవచ్చు. అందులో మీ ఫైళ్లుంటే 'నో' నొక్కండి. ఇక వేగం: యూఎస్‌బీ 1.1 పోర్టు సెకనుకు సుమారు 1 ఎంబీ మాత్రమే రాస్తుంది. ఆ లెక్కన 32 జీబీకి దాదాపు 9 గంటలు! యూఎస్‌బీ 2.0లో సెకనుకు 10 ఎంబీ చొప్పున గంటలోపే రాయడం పూర్తవుతుంది.

కార్డు కొన్నప్పుడు బిల్లు అడగండి, కొన్నరోజే పరీక్షించండి. మంచి కార్డైనా ఏదో ఒకనాడు పాడవుతుంది. కాబట్టి సర్టిఫికెట్ల కాపీ ఇంకోచోట తప్పక ఉంచుకుంటారని ఆశిస్తున్నాం.